మూడు పొరల గుడ్డ

ఆదివారం నల్లా అయిదింటికి వస్తది.
అంతకుముందే కవరు దులపాలె.

పొడిగున్నప్పుడే దులుపు బిడ్డా, అంటడు నాయిన
గడప మీద కూసొని, తువ్వాల మూతికి అడ్డం పెట్టుకొని.
తడి తగిలితే బొగ్గు బురదయితది,
బురదయితే నూలులకు దిగుతది,
దిగింది మళ్ళ రాదు.
ముప్పయ్యొక్క ఏండ్లు డంపర్ నడిపిన మనిషి.
బొగ్గు సంగతి ఆయనకు నేనేం చెప్త.

నాలుగు అంచులూ నడిమికి మడుస్త.
సంతల బొంగుప్యాలాల మూట లెక్క
దుమ్ము చెదరకుండ ఎత్తుత.
కింద తెల్ల వ్యాను. పదకొండు మంది బడిపిల్లలు
వార్ధా వంతెన దాటేదాంక
'తాయీ, ఖిడ్కీ మాఝీ' అని కొట్లాడుకునే వ్యాను.
బల్లార్షాల ఆడది నడిపే బండి ఇదొక్కటే
అంటడు దేవ్‌రావ్ కాక, ఎవరింటికొచ్చినా.

ఆ కాకనే చెప్పిండు, గుడ్డ ఎందుకు,
ప్లాస్టిక్ పట్టా కప్పు, పైపుతోటి కొడితే పోతదని.
నాయిన ఒప్పుకోలే.
పట్టా కింద ఇనుముకు చెమట పడుతది,
చెమట పడితే తుప్పు.
గుడ్డయితే గాలాడుతది.
బండికి ఊపిరాడాలె కదరా దేవ్‌రావ్, అన్నడు.
అని, సేపు దగ్గిండు.

రిటైరయిన పైసలల్ల మొదటి ఖర్చు ఈ కవరే.
నాగ్‌పూర్ పోయి తెచ్చిండు.
వానకొక పొర, ఎండకొక పొర,
లోపలిది మెత్తటి నూలు,
నా చెంపకు ఆనించి చూపిండు:
గీత పడదు, చూడు.

ఆయన ముక్కుకు అన్నేండ్లూ ఒక్కటే పొర,
అమ్మ పాత చీరల చింపిన పేలిక.
దాన్ని రోజూ అమ్మ ఉతికేది.
ఆ నీళ్ళ రంగు అమ్మకే తెలుసు.
నన్ను అటు రానియ్యకపోయేది.

సబ్బుపొడి వద్దు, పై పూత లేస్తది.
కుంకుడుకాయ రసం. మెత్త బ్రష్షు. ఒకటే దిక్కుకు.
పావురం రెట్ట మీద తడిగుడ్డ వేసి ఆగు, గీకకు,
తొందరెందుకు, అదే వదులుతది.
పిండకు. మెలిపెడితే కుట్లు ఇచ్చుకుంటయి.

మొదటి బకెట్ నల్లగ.
రెండోది డికాషన్.
మూడోది తెల్లగ వస్తదేమో అని
ఆరేండ్ల నుంచి చూస్తున్న.

ఒకసారి ఆ నీళ్ళు మోరీల పోస్తుంటే
ఆగు, అన్నడు. వంగి చూసిండు.
మనదే, అన్నడు.
నాకు జర సేపు తెలువలే.
ఎకరంన్నర పత్తి చేను
గనికిచ్చి తెచ్చుకున్న కొలువు ఆయనది.
చేను లోపలికి పోయింది, రెండు వందల అడుగులు.
ఇప్పుడు వారం వారం, ఇంత ఇంత,
గాలి మీద ఇల్లు వెతుక్కుంట వస్తది.

పోసేసిన. ఏం చేస్త మరి.

దండెం మీద నీడకు ఏలాడేసిన.
అంచుల నుంచి చుక్కలు.
పూర్తిగ ఆరందే కప్పొద్దు, బూజు పడుతది,
ఉడుకు ఇంజను మీద అసలే వద్దు.
చంద్రాపూర్ డాక్టరు రాసిన కాగితం కన్న
ఇవన్నీ ఆయనకు బాగ యాదికున్నయి.

రెండు కొట్టంగ బ్లాస్టింగు.
ముందు కిటికీ రెక్కలు వణుకుతయి,
తర్వాత చప్పుడు,
ఆ తర్వాత చాలాసేపటికి
మిల్లు పొగ గొట్టాల అవతల బూడిదరంగు లేస్తది.
ఇయ్యాల గాలి ఇటే.
కవరు సగం తడి.

తీద్దామా నాయినా, అన్న.
మాట్లాడలే.
లోపలికి పోయి తన మంచం మీది దుప్పటి లాక్కొచ్చిండు.
దండెం మీది కవరుకు కప్పి
రెండు చేతులా రెండు కొసలు పట్టి నిలబడ్డడు,
గాలికి ఎదురుగ.
తువ్వాల భుజం మీదికి జారింది.

క్లిప్పులు, అన్నడు, మూతి తెరిచి,
క్లిప్పులు తేవే.

దొరుకుతలేవు.
సబ్బుడబ్బల చూసిన, గూట్ల చూసిన.
దొరుకుతలేవు.